నలభై ఒక్క ఫొటోలు

ఆ వీధిలో ఆమెను కళ్ళమ్మ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, పని తెచ్చిపెట్టిన పేరు. జబ్బు వల్లనో దెబ్బ వల్లనో కన్ను తీసేయించుకున్నవాళ్ళకి ఆమె కట్టుడు కన్ను చేసి పెడుతుంది. ముప్పై ఏళ్ళుగా అదే పని. జనం గాజు కన్ను అంటారు గానీ అది గాజు కాదు, పళ్ళ సెట్లకి వాడే పదార్థమే. కన్ను తీసిన గుంటకి అచ్చు తీస్తుంది. పోత పోసి, ఉడకబెట్టి, అరగదీస్తుంది. ఎర్ర సిల్కు దారంలోంచి ఒక్కో పోగూ లాగి తెల్లగుడ్డు మీద నరాల్లా పరుస్తుంది. చివరికి సన్న కుంచెతో నల్లగుడ్డుకి రంగు వేస్తుంది. నల్లగుడ్డు అనడమే గానీ నిజంగా నల్లగా ఉన్నదాన్ని ఆమె ఇంతవరకూ చూడలేదు. ఒకరిది తేనెరంగు, ఒకరిది తుప్పురంగు. కొందరి కళ్ళలో బూడిదరంగు ఎక్కడో అడుగున ఉండి, కిటికీ దగ్గరికి వస్తే గానీ పైకి తేలదు.

ఆమె గది కంటి ఆసుపత్రి ఎదురుగా, ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉంది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దాని కింద బల్ల, బల్లకి ఎడమపక్క ఇరవై సొరుగుల చెక్క బీరువా. సొరుగుల నిండా నమూనా కళ్ళు. నీటి మీటర్ల ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే భర్త సాయంత్రం ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడతాడు. ఇన్ని కళ్ళ ముందు తప్పు చెయ్యాలన్నా ధైర్యం చాలదని ఆయన వేళాకోళం.

వ్యవహారమంతా ఒక లైబ్రేరియన్ కళ్ళ గురించి.

ఆవిడకి యాభై రెండేళ్ళు. మొదట ఎడమ కంట్లో గడ్డ లేచింది, కన్ను తీసేశారు. అప్పుడు కట్టుడు కన్ను పెట్టించుకోలేదు. నల్లద్దాలు పెట్టుకుని, మిగిలిన కన్నుతో పుస్తకాలు సర్దుకుంటూ నెట్టుకొచ్చింది. ఏడాది తిరక్కుండా కుడి కన్నుకీ అదే జబ్బు పాకింది. ఆపరేషనుకి ముందురోజు ఉదయం ఆవిడ కళ్ళమ్మ గదికి వచ్చి, కిటికీ కింద స్టూలు మీద గంటసేపు కూర్చుంది. కళ్ళమ్మ నలభై ఒక్క ఫొటోలు తీసింది. కిటికీ వెలుగులో కొన్ని, ట్యూబులైటు కింద కొన్ని, కనుపాప చిన్నదైనప్పుడు, పెద్దదైనప్పుడు, పక్కకి చూసినప్పుడు. ఎప్పుడూ అయితే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఉన్న కన్ను చూస్తూ లేని కన్నుకి రంగు వేస్తుంది. ఇక్కడ రేపటినుంచి చూసి వెయ్యడానికి ఏమీ ఉండదు. ఉండేవి ఆ నలభై ఒక్క ఫొటోలే.

లేచేటప్పుడు లైబ్రేరియన్ ఒక మాట అంది. "నా చూపు ఎలాగూ పోతుంది. నన్ను చూసేవాళ్ళకి మాత్రం నేనే కనపడాలి. మా అమ్మాయి ఈ ఏడాదిగా నా మొహంలోకి చూడటం మానేసింది."

కళ్ళమ్మ సరేనంది. సరే అనడం అప్పుడు తేలికగానే ఉంది.

ఏడు వారాలు గడిచాయి. గాట్లు మానాయి. అచ్చులు తీసింది, పోత పోసింది, రెండు తెల్లగుడ్లూ సిద్ధం చేసింది. ఇక రంగు వెయ్యాలి. శనివారం పదకొండు గంటలకి తల్లీకూతుళ్ళని రమ్మని చెప్పింది.

లాప్‌టాప్ మాత్రం మొరాయిస్తోంది. ఒక్కో ఫొటో తెరుచుకునేలోగా రంగు ఎండిపోతోంది. లోపలి డ్రైవు నిండిపోయిందని, పెద్దది వేసుకుంటే సరిపోతుందని తెలిసినవాళ్ళన్నారు. షాపులో ఇస్తే రెండు రోజులు వదిలి వెళ్ళమంటారు. రోగుల మొహాలున్న యంత్రాన్ని పరాయివాళ్ళ దగ్గర వదలకూడదని ఆసుపత్రి వాళ్ళ షరతు. భర్త నవ్వాడు. "కంట్లో నరాలు అతికించేదానివి, కంప్యూటర్లో ఒక రేకు మార్చలేవూ?"

సోమవారం మధ్యాహ్నం ఆమే మార్చింది. కొత్త డ్రైవు చూయింగ్‌గమ్ బిళ్ళంత పొడుగు. ఒక చివర బంగారురంగు పళ్ళు వరసగా ఉన్నాయి. ముందు దాన్ని ఒక చిన్న డబ్బీలో పెట్టి, తీగతో తగిలించి, పాతదాంట్లో ఉన్నదంతా కాపీ చేసింది. తర్వాత లాప్‌టాప్ అడుగు రేకు విప్పి పాతది తీసి కొత్తది బిగించింది. మీట నొక్కగానే తెర ఇట్టే వెలిగింది. ఫొటోలు చిటికెలో తెరుచుకున్నాయి. ఆమెకి గర్వంగా కూడా అనిపించింది. ఆసుపత్రి కాగితంలో ఇంకో షరతుంది: ఫొటోలు ఒక్కచోటే ఉండాలి, యంత్రం మారిస్తే పాతదాన్ని పూర్తిగా చెరిపేసి సంతకం చేసి ఇవ్వాలి. షరతంటే షరతే. ఆ సాయంత్రమే పాత డ్రైవుని ఆనవాలు లేకుండా చెరిపేసి, సంతకం చేసి, కాగితం మడిచి కవర్లో పెట్టింది.

మంగళవారం పొద్దున లైబ్రేరియన్ ఫొటోలు తెరిచింది. మొదటిది వచ్చింది. రెండోదాని మీద నొక్కితే చిన్న చక్రం తిరగడం మొదలై, ఆగలేదు. కాసేపటికి తెరంతా నీలంగా మారి, హార్డ్‌వేర్ లోపం అని ఒక వాక్యం కనిపించింది. దానంతట అదే ఆగి మళ్ళీ మొదలైంది. ఈసారి నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు: లోపల డ్రైవు ఏదీ లేదు.

లేకపోవడమేమిటి? నిన్న తన చేత్తో పెట్టింది.

అప్పుడు కవర్లోని సంతకం గుర్తుకొచ్చింది. కవరు తెరిచి కాగితం మళ్ళీ చదివింది. పాత డ్రైవులో ఇక ఏమీ లేదు.

అరగంట ఆగి మళ్ళీ మీట నొక్కితే ఏమీ జరగనట్టు తెర వెలిగింది. ఆమె వెంటనే ఒక పెన్‌డ్రైవు గుచ్చి నలభై ఒక్క ఫొటోలనీ కాపీకి పెట్టింది. ఒకటి, రెండు, మూడు అంటూ అంకె కదులుతుంటే తన ఊపిరి గట్టిగా తగిలినా ఆగిపోతుందేమో అన్నట్టు కూర్చుంది. పన్నెండు దగ్గర ఆగింది. మళ్ళీ నీలం తెర, మళ్ళీ ఆ నల్ల తెర.

పెన్‌డ్రైవుని ఆసుపత్రి కింది అంతస్తులో కళ్ళద్దాల కొట్టుకి తీసుకెళ్ళి, అక్కడి కంప్యూటర్లో తెరిచి చూసింది. మొదటి పదకొండూ దూరం నుంచి తీసినవి. మొహమంతా ఉంది, కన్ను ఆవగింజంత ఉంది. దగ్గరగా తీసినవి పన్నెండు నుంచి మొదలవుతాయి. పన్నెండోది తెరిచింది. నుదురు వచ్చింది. కనుబొమ్మ వచ్చింది. దాని కిందనుంచి అంతా బూడిదరంగు.

కొట్టువాడు ఏమైందండీ అని అడిగాడు. ఆమె ఏమీ లేదంది.

గదికి తిరిగొచ్చి రేకు విప్పింది. డ్రైవు తీసి మళ్ళీ బిగించింది. ఎనిమిది నిమిషాలు నడిచి ఆగింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. ఈసారి ఐదు నిమిషాలు. యంత్రం తన లోపాలని తానే రాసుకునే పట్టీ ఒకటి ఉంటుందని తెలిసి, ఆ ఐదు నిమిషాల్లో దాన్ని తెరిచింది. పేజీ పొడుగునా ఎర్ర గుర్తులు. ఎక్కడ లోపమో చెప్పలేదు, లోపమని మాత్రం డెబ్బై సార్లు చెప్పింది. ఇంకోసారి తీసి బిగించాక అసలు వెలగనే లేదు. తను ముట్టుకున్నకొద్దీ అది దూరమవుతోందని ఆమెకి తోచింది. ఆ తోచడంతోనే చేతులు ఒళ్ళోకి లాక్కుంది.

భర్త వచ్చేసరికి దీపం కూడా వెయ్యకుండా కూర్చుని ఉంది. ఆయన విషయమంతా విన్నాడు. ఆఫీసులో ఎవరో ఇలాంటిదాన్ని ఫ్రిజ్‌లో పెడితే పనిచేసిందట, పెడదామా అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చి, గొంతు తగ్గించి, మంచికే అన్నట్టు అన్నాడు:

"ఆవిడ చూడలేదు కదే. కాస్త తేనెరంగు వేస్తే ఎవరికి తెలుస్తుంది?"

ఆ మాట ఆయన అన్నందుకు కాదు ఆమెకి భయం వేసింది. ఆయన రాకముందే, ఆ చీకట్లో, మూడో సొరుగులోని తేనెరంగు కన్ను తన మనసులో మెదిలినందుకు. ఆవిడ గుర్తుపట్టలేదు. కూతురు ఏడాదిగా తల్లి కళ్ళలోకి చూడనే లేదు. తప్పు పట్టగలిగినవాళ్ళు లోకంలో లేరు. ముప్పై ఏళ్ళలో ఇలాంటి పని ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు.

ఆ చుట్టుపక్కల కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురిలోకీ మనిషిని ఎదురుగా కూర్చోనిచ్చేవాడు ఒక్కడే. మెట్ల కింద దుకాణం. అరవై దాటిన మనిషి. ప్రతిదానికీ మెల్లగా అంటాడని ఆయన్ని మెల్లగాగారు అంటారు. మణికట్టుకి ఒక పట్టీ, పట్టీ నుంచి ఒక తీగ, ఆ తీగ ఇనుప బల్లకి. ఒంట్లో పుట్టే కరెంటు పనిముట్లకి తగలకుండా అలా కట్టుకుంటారు. తను పారిపోకుండా వాళ్ళావిడ కట్టి పంపుతుందని వచ్చినవాళ్ళకి చెబుతాడు.

బుధవారం తలుపు తీసేసరికే కళ్ళమ్మ అక్కడుంది. జరిగిందంతా చెప్పింది. శనివారం సంగతీ చెప్పింది. ఆయన విన్నాక వేసిన మొదటి ప్రశ్న, పొద్దున్నించి మళ్ళీ ఆన్ చేశారా అని. చెయ్యలేదంది. మంచిపని చేశారన్నాడు. ప్రాణం మీదికొచ్చినప్పుడు జనం చేసే తప్పు అదొక్కటేనట, నొక్కిందే నొక్కడం.

మొదట డ్రైవుని పక్కన పెట్టేశాడు. లాప్‌టాప్ లోపలి మెమరీ పలకలు రెండూ తీసి, ఒక్కొక్కటే పెట్టి పరీక్షించాడు. దానికే రెండు గంటలు పట్టింది. రెండూ బాగానే ఉన్నాయి. బ్యాటరీ విప్పి చూశాడు. ఫ్యాను చూశాడు. తర్వాత డ్రైవుని తన డబ్బీలో పెట్టి వేరే కంప్యూటర్‌కి తగిలించాడు. పేరు కనిపించింది. ఆమె స్టూలు మీంచి సగం లేచింది. పేరు మాయమైంది. మళ్ళీ తగిలించాడు. ఈసారి డ్రైవు ఆరోగ్యం చెప్పే పట్టీ ఒక్క క్షణం వచ్చింది. నూటికి నూరు అని ఉంది. ఆ తర్వాత అదీ పోయింది.

ఆయన డబ్బీలోంచి డ్రైవు తీసి, తలెత్తకుండా, ఆమె వైపు బల్ల అంచున పెట్టాడు. ఆ వాలకం ఆమెకి తెలుసు. కంటి ఆసుపత్రిలో డాక్టర్లు రోగి వాళ్ళని పక్కకి పిలిచే ముందు అలాగే ఉంటారు.

చివరికి, రెండు యంత్రాల్లోనూ ఇదే వరస కాబట్టి డ్రైవే పోయిందనుకోవాలన్నాడు. కొన్నచోట ఇస్తే మాట్లాడకుండా కొత్తది ఇస్తారన్నాడు.

"మరి దీంట్లో ఉన్నవి?"

"అవి వాళ్ళకి అక్కర్లేదమ్మా."

వీధిలో ఎవరో గేటు మూసిన చప్పుడైంది. తను చెయ్యబోయేదేమిటో ఆమెకి అప్పుడు స్పష్టంగా కనిపించింది. గదికి వెళ్తుంది. మూడో సొరుగు తెరుస్తుంది. శనివారం పదకొండు గంటలకి నవ్వుతూ తలుపు తీస్తుంది. అంతా తేలిగ్గా జరిగిపోతుంది. ఆ తేలికే ఆమెకి ఊపిరాడనివ్వలేదు.

మెల్లగాగారు మాత్రం ఇంకా వదల్లేదు. ఆఖరుసారి లాప్‌టాప్‌లోనే పెట్టి చూద్దామని, స్క్రూ వెతుక్కుంటూ, ఎడంచేయి చాచాడు. తీగ అంతదూరం రాలేదు. డ్రైవు బల్లకి ఇటుపక్క, ఆమె ముందు ఉంది.

"అదిలా అందించండమ్మా. అంచులు పట్టుకోండి."

ఆమె జాగ్రత్తగా అంచులు పట్టుకుని తీసి అందించింది. ఆయన తీసుకోలేదు. చాచిన చేయి అలాగే ఉంచి ఆమె చేతుల్ని చూస్తున్నాడు.

"ఇప్పుడేం చేశారు?"

"ఏం చేశాను? ఇస్తున్నాను."

"ఇచ్చేముందు."

ఏమీ చెయ్యలేదని అనబోయి ఆమె కిందికి చూసుకుంది. కుడిచేతి వేళ్ళ మధ్య గుడ్డముక్క ఉంది. పని చేసేటప్పుడు నడుముకి కట్టుకునే సంచిలో ఎప్పుడూ ఉండే మెత్తటి తోలుగుడ్డ. అది ఎప్పుడు బయటికి వచ్చిందో, బంగారు పళ్ళ మీదుగా ఎప్పుడు పోయిందో ఆమెకి తెలియదు.

పద్దెనిమిదేళ్ళ వయసులో ఆమె ఈ పనిలో చేరింది. నేర్పిన పెద్దాయన ఆరేళ్ళు కుంచె ముట్టుకోనివ్వలేదు. అచ్చులు కడిగించాడు, మెరుగు పెట్టించాడు. వేలి జిడ్డుతో కన్ను చేతులు మారకూడదని ఆయన నియమం. తుడవకుండా ఇస్తే తీసుకునేవాడు కాదు, చేయి చాచి అలాగే నిలబడేవాడు. మూడు నెలలు తిట్టించుకున్నాక తుడవడం ఆమె చేతికి పట్టుబడింది. ఆ తర్వాత చేతికే తప్ప ఆమెకి తెలియకుండా పోయింది. ఇంట్లో చెంచా ఇచ్చినా తుడిచే ఇస్తుందని భర్త నలుగురిలో చెబుతుంటాడు. ఆమె నమ్మేది కాదు.

"పెట్టేటప్పుడల్లా తుడిచారా?" అన్నాడు మెల్లగాగారు.

"తుడిచే ఉంటాను." ఆమె గుడ్డ వంకే చూస్తోంది. "తీసినప్పుడల్లా."

"ఆ గుడ్డకి ఏముంటుంది?"

మెరుగుపొడి, మైనం. కన్నుకి చివరి తళుకు ఇచ్చే గుడ్డ అది. ఎన్నో ఏళ్ళుగా రెండూ దాంట్లో ఇంకిపోయాయి. ఆయన డ్రైవుని దీపం కిందికి తీసుకుని తిప్పి చూసి, నాకేమీ కనిపించడం లేదన్నాడు. ఆమె సంచిలోంచి తన భూతద్దం తీసి కంటికి పెట్టుకుని వంగింది. ఆయనకి కనిపించనిది ఆమెకి కనిపించింది. ముప్పై ఏళ్ళుగా ఆమె చూస్తున్నది తళుకునే. ప్రతి పన్ను మీదా సన్నటి పొర, అద్దం మీద ఊపిరి ఆరిపోతున్నప్పటి మందంలో. బంగారం తళుకు కాదది, మైనం తళుకు. తీసి పెట్టిన ప్రతిసారీ లోపలి గాడిలోకి ఇంకాస్త పూసింది. బాగుచేస్తున్నాననుకుంటూ, మంగళవారమంతా, తన చేతులతోనే.

మెల్లగాగారు తలుపువైపు చూపించాడు. ఆ గుడ్డని బయట మెట్ల మీద పెట్టి రమ్మన్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నాడు. ఆమె చిన్నపిల్లలా అలాగే కూర్చుంది. ఆయన స్పిరిటు తడిపిన కాగితంతో పళ్ళని ఒకే దిశలో తుడిచాడు. కాగితం మార్చి మళ్ళీ తుడిచాడు. లోపలి గాడిని సన్న బ్రష్షుతో కడిగాడు. ఆరడానికి పావుగంట అన్నాడు. ఆ పావుగంటలో ఆమె ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. చూస్తే ఆగిపోతుందనిపించింది.

తెర వెలిగింది. పది నిమిషాలు నడిచింది. ఇరవై. ఆ ఎర్ర గుర్తుల పట్టీలో కొత్తది ఒక్కటీ చేరలేదు. అయినా ఆమె నమ్మలేదు. నిన్న కూడా ఇలాగే వెలిగింది కదా. కాపీ మీరే పెట్టుకోండి అని ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. రోగుల మొహాల సంగతి ఆమె చెప్పింది ఒక్కసారే. ఆయన మాత్రం మర్చిపోలేదు.

పన్నెండు దాటింది. ఇరవై దాటింది. ముప్పై నాలుగు దగ్గర అంకె ఆగింది. ఆగిందండీ, అంది ఆమె. గోడవైపునుంచి మెల్లగా, అని వినిపించింది. ముప్పై ఐదు.

నలభై ఒకటీ వచ్చాయి. తెరిచి చూస్తే రెండు పాడయ్యాయి, సగం సగం బూడిదరంగు. ముప్పై తొమ్మిది బాగున్నాయి. వాటిలో ఇరవై ఎనిమిది దగ్గరగా తీసినవి. లైబ్రేరియన్ కన్ను తెర నిండా తెరుచుకుంది. అది తేనెరంగు కాదు. దానికి దగ్గరగా కూడా లేదు. అంచున ఆకుపచ్చ, లోపలికి వచ్చేకొద్దీ తడిసిన చెక్కరంగు. తను నిన్న చీకట్లో ఎంచుకున్న కన్ను ఈ మొహంలో ఉంటే ఎలా ఉండేదో తలుచుకుని ఆమె బల్ల అంచు పట్టుకుంది.

గురువారం, శుక్రవారం రంగు వేసింది. కాపీ ఉన్న పెన్‌డ్రైవు సంచిలోనే ఉంచుకుంది. అది షరతుకి విరుద్ధం. అందుకూ భయపడింది, అయినా తీసెయ్యలేదు.

శనివారం పదకొండుకి తల్లీకూతుళ్ళు వచ్చారు. కూతురు తల్లిని స్టూలు మీద కూర్చోబెట్టి, తను గుమ్మం దగ్గరికి వెళ్ళి వీధివైపు తిరిగి నిలబడింది. కళ్ళమ్మ చేతులు కడుక్కుని రెండు కళ్ళూ పెట్టింది. రెప్పలు సర్దింది. రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"అద్దం అడగలేను కదా, మీరే చెప్పాలి," అంది లైబ్రేరియన్, నవ్వుతూ. "నావేనా?"

"మీవేనండీ."

తడబాటు లేకుండా వచ్చింది ఆ మాట. అప్పుడు కళ్ళమ్మకి ఒకటి తట్టింది. మూడో సొరుగులోని కన్ను పెట్టి ఉన్నా ఇదే మాట, ఇంతే నిబ్బరంగా, ఇదే గొంతుతో వచ్చేది. ఎదురుగా ఉన్న మనిషి ఇంతే నమ్మకంగా తల ఊపేది. చెప్పడానికి ఇంకేం మాట ఉంది తన దగ్గర? ఏమీ లేదు. ఆమె గుమ్మం వైపు తిరిగింది.

"నువ్వు ఇలా రా తల్లీ. నా మాట కాదు, నువ్వు చూసి చెప్పు. కాదనిపిస్తే కాదను, మళ్ళీ చేస్తాను."

కూతురు వెంటనే కదల్లేదు. తర్వాత వచ్చింది. తల్లి ముందు వంగి, మొదట గడ్డం వైపు చూసింది, ఆ తర్వాత పైకి. కళ్ళమ్మ కిటికీకి అడ్డం తప్పుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. వేళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. మంగళవారం తెర ముందు కూర్చున్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయంగా ఉంది.

"అమ్మా, ఇటు తిరుగు," అంది కూతురు. "వెలుగులోకి."

లైబ్రేరియన్ తిరిగింది. కూతురు చాలాసేపు చూసింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. పక్కనున్న రెండో స్టూలు లాక్కుని, మోకాళ్ళు తల్లి మోకాళ్ళకి తగిలేంత దగ్గరగా కూర్చుని, ఇంకా చూస్తూనే ఉంది.